పొట్టకు టేపు పెట్టి గుండె లెక్క చూసుకోవడం ఎలా?

“నా బరువు 68 కిలోలేనండీ. లావేం కాదు, కాస్త పొట్ట ఉందంతే. నాకూ గుండె పరీక్షలు అవసరమా?”

వారానికి ఒకరైనా ఇదే అడుగుతారు. ఎక్కువగా ముప్పై అయిదుకూ యాభైకీ మధ్య వాళ్లు, కూర్చుని చేసే ఉద్యోగాల వాళ్లు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నెలకో ఆదివారం బల్ల వేసుకుని, టైలర్ టేపు, బీపీ మిషను పెట్టుకుని కూర్చుంటాను. ఆరేళ్ల నుంచి ఇదే పని. దీనికి మూలం మా బావగారు. 47 ఏళ్లప్పుడు ఒక పెళ్లిలో భోజనమయ్యాక గుండెల్లో మంటగా ఉందన్నారు. గ్యాస్ అనుకుని సోడా తాగించి, ఏసీ గదిలో పడుకోబెట్టాం. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి నాలుగు గంటలు దాటింది. ప్రాణం దక్కింది కానీ గుండె కండరం కొంత దెబ్బతింది. మనిషి సన్నంగానే ఉండేవారు, పొట్ట తప్ప.

థియరీ ఎక్కువ చెప్పను. పుణె కేఈఎం ఆస్పత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి కొలతలనే ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో పక్కపక్కన పెట్టి చూపించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే అంకె) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అదే బరువులో మనకు కొవ్వు పాలు ఎక్కువ, అదీ పొట్ట లోపలా, కాలేయంలోనూ చేరుతుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తొలి గుండెపోటు మిగతా దేశాల వాళ్లకు సుమారు 59 ఏళ్లకు వస్తే, దక్షిణాసియా వాళ్లకు 53 ఏళ్లకే వచ్చింది. ఈమధ్య హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు కనిపించింది. థియరీ అయిపోయింది, ఇక పనిలోకి.

ముందుగా ఒక హెచ్చరిక

ఛాతీలో బరువు, బిగుతు, మంట ఉండి చెమటలు పట్టినా, నొప్పి ఎడమ చేతికో దవడకో వీపుకో పాకినా, ఆయాసం వచ్చినా ఈ వ్యాసం పక్కన పడేసి 108కి ఫోన్ చేయండి. బండి మీరే నడుపుకుంటూ వెళ్లొద్దు. సోడా, ఈనో, వాము, “కాసేపు చూద్దాం”... ఇవన్నీ ఈసీజీ తీసి, అది గ్యాసేనని డాక్టర్ చెప్పాక చేసుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకూ ఆడవాళ్లకూ ఒక్కోసారి నొప్పే ఉండదు. వికారం, విపరీతమైన నీరసం, ఊపిరాడకపోవడం మాత్రమే ఉంటాయి.

కావలసినవి

- టైలర్ టేపు. ప్లాస్టిక్‌ది పాతబడితే సాగుతుంది. ఇంట్లో ఉన్న స్కేలు పక్కన పెట్టి 30 సెంటీమీటర్లు సరిపోతోందో లేదో ముందే చూసుకోండి.
- సాగని దారం, మీ ఎత్తుకంటే కొంచెం పొడవు. పురికొస అయినా ఫర్వాలేదు.
- బరువు చూసుకునే మిషను.
- చేతికి, అంటే మోచేతి పైన కట్టే డిజిటల్ బీపీ మిషను. మణికట్టుకు పెట్టేది వద్దు. చేయి ఏమాత్రం ఎత్తుపల్లాలైనా అంకె మారిపోతుంది.
- రక్తపరీక్షకు ల్యాబ్. 30 దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. తెలంగాణలో బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే నమూనా ప్రభుత్వ ల్యాబ్‌కు వెళ్తుంది, పైసా ఖర్చుండదు.
- ఒక నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకున్నది మూడు నెలల తర్వాత దొరకదు, నా మాట నమ్మండి.

1. దారం పరీక్ష

దారం ఒక కొస కాలికింద తొక్కిపెట్టి, రెండో కొస నడినెత్తి దాకా లాగి అక్కడ కత్తిరించండి. ఇది మీ ఎత్తు. దాన్ని సరిగ్గా సగానికి మడవండి. ఆ సగం దారం మీ నడుము చుట్టూ తిరిగి కొసలు కలిశాయా?

కలిస్తే ఈ పూటకు మంచిదే. కలవకపోతే నడుము కొలత మీ ఎత్తులో సగం దాటింది, కొవ్వు లోపల చేరిందన్న అనుమానం పెట్టుకోవాల్సిందే. మా సెల్లార్‌లో నలభై దాటిన మగవాళ్లలో కొసలు కలిసేవాళ్లు చాలా తక్కువ. కలపాలని గాలి బిగబట్టేవాళ్లు మాత్రం అందరూ.

కొసల మధ్య ఎన్ని వేళ్ల ఎడం ఉందో రాసుకుని, ఆ దారం పారేయకుండా నోట్‌బుక్‌లో పెట్టుకోండి. తర్వాత పనుంది.

2. టేపుతో అసలు కొలత

తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి కాబట్టి నెమ్మదిగా చెప్తాను.

పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, టిఫిన్‌కు ముందు, చొక్కా తీసేసి నిలబడండి. పాదాల మధ్య జానెడు ఎడం ఉంచండి. పక్కటెముకల్లో అన్నిటికంటే కిందిది వేలితో తడిమి పట్టుకోండి. తర్వాత తుంటి ఎముక పై అంచు పట్టుకోండి. ఈ రెంటికీ సరిగ్గా మధ్యలో పెన్నుతో చుక్క పెట్టి, టేపు ఆ చుక్క మీదుగా చుట్టూ తిప్పండి. వెనకవైపు కిందికి జారకుండా నేలకు సమాంతరంగా ఉండాలి. అద్దం ముందు నిలబడితే తెలుస్తుంది, లేదా ఇంట్లోవాళ్లను చూడమనండి. మామూలుగా గాలి వదిలి, వదిలిన చివర్లో అంకె చదవండి. టేపు ఒంటికి ఆనాలి, కండలోకి దిగకూడదు. రెండుసార్లు కొలవండి. రెంటికీ సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలిచి, దగ్గరగా ఉన్న రెంటి సగటు రాసుకోండి.

మన హద్దులు: మగవాళ్లకు 90 సెం.మీ., అంటే ముప్పై అయిదున్నర అంగుళాలకు కాస్త తక్కువ. ఆడవాళ్లకు 80 సెం.మీ., ముప్పై ఒకటిన్నర అంగుళాలు. పాశ్చాత్య దేశాల పట్టికల్లో కనిపించే 102, 88 మనకు పనికిరావు. గర్భిణులకు, కాన్పయిన కొన్ని నెలల దాకా ఈ లెక్క వర్తించదు.

ఎక్కువగా చూసే తప్పులు:

*ప్యాంటు సైజు చెప్పడం.* మా మూడో అంతస్తు ఆయన “34 అండీ, పదేళ్లుగా మారలేదు” అని గట్టిగా వాదించారు. టేపు పెడితే 38 అంగుళాలు. ప్యాంటు మారని మాట నిజమే. ఏటా అది కాస్త కాస్త కిందికి దిగి, ఇప్పుడు పొట్ట కింద కూర్చుంది. మొలతాడు కట్టేవాళ్లదీ ఇదే కథ, అది ఉండేది తుంటి మీద.

*బొడ్డు దగ్గర కొలవడం.* పొట్ట వాలినవాళ్లకు బొడ్డు కూడా వాలుతుంది. ఎముకలు వాలవు, అందుకే వాటినే గుర్తు పెట్టుకోవాలి.

*పొట్ట లోపలికి పీల్చడం.* ఇది అప్రయత్నంగా జరిగిపోతుంది. కొలిచేటప్పుడు “మీ ఇంటి నంబరెంత?” అని అడుగుతాను. జవాబు చెప్పేటప్పుడు గాలి బయటికొస్తుంది, అసలు అంకె కనిపిస్తుంది.

*చీర మీద, బనియన్ మీద కొలవడం.* ఆడవాళ్లు సిగ్గుపడి కుచ్చిళ్ల మీదే కొలవమంటారు. లంగా బొందు ముడి ఒక్కటే టేపును పైకి లేపేస్తుంది. ఇంటికెళ్లి తలుపేసుకుని మీరే కొలుచుకోండి, ఎవరికీ చెప్పక్కర్లేదు.

3. బరువు, బీఎంఐ

కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగించండి. పైన అడిగినాయన ఎత్తు 170 సెం.మీ. 68ని 1.7తో ఒకసారి, మళ్లీ 1.7తో భాగిస్తే 23.5. మనకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. అంటే “లావేం కాదు” అన్న ఆయన కూడా గీత దాటేశారు. చాలా యాప్‌లు 25 దాకా ఆకుపచ్చ రంగే చూపిస్తాయి. ఆ రంగు చూసి నమ్మొద్దు.

జిమ్‌లో కండ పెంచినవాళ్లకు బీఎంఐ ఎక్కువ చూపించవచ్చు. నడుము కొలత హద్దులోనే ఉంటే వాళ్లు టెన్షన్ పడనక్కర్లేదు. దీనికి తలకిందుల కేసే మన దగ్గర ఎక్కువ: బీఎంఐ 22, నడుము 94. అలాంటివాళ్లు నడుమునే లెక్కలోకి తీసుకోండి.

4. ఏడు రోజుల బీపీ

ఒక్కసారి చూసి “నాకు బీపీ లేదు” అనడం, ఒక్కసారి చూసి భయపడటం, రెండూ తప్పే.

ముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం ఏదీ ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనే కుర్చీలో, పాదాలు నేల మీద ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చేయి బల్ల మీద పెట్టండి, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. మాట్లాడొద్దు, ఫోన్ చూడొద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. పొద్దున, సాయంత్రం, ఏడు రోజులు. మొదటి రోజు అంకెలు కొట్టేసి మిగిలిన 24 రీడింగులకు సగటు తీయండి.

ఇంట్లో సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టే, డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి. 130/85 చేరినా నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో రాసుకోండి, ఆరో మెట్టులో పనికొస్తుంది. 180/120 కనిపిస్తే అయిదు నిమిషాలాగి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే అదే రోజు డాక్టర్‌ను కలవండి. దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చేయీ కాలూ మొద్దుబారడం ఉంటే 108.

చేయి లావుగా ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. మిషనుతో వచ్చే మామూలు పట్టీ సుమారు 32 సెం.మీ. చుట్టుకొలత దాకానే సరిపోతుంది. అంతకంటే లావు చేతికి అదే బిగిస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ విడిగా దొరుకుతుంది, అడిగి తీసుకోండి. చొక్కా చేయి పైకి మడిచి, ఆ మడత బిగుతు కిందే పట్టీ కట్టడం ఇంకో పొరపాటు.

5. రక్తపరీక్ష: ఏవి అడగాలి, ఎలా చదవాలి

పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల లెక్క). ఈ మూడు చాలు. వందల పేర్లుండే ప్యాకేజీ అక్కర్లేదు. రాత్రి భోజనం తర్వాత 10, 12 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా వెళ్లండి. ముందురోజు మందు పార్టీ, బిర్యానీ ఉంటే ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) పెరిగి కనిపిస్తాయి, ఇంకో రోజుకు వాయిదా వేసుకోండి. జ్వరం తగ్గిన వారంలో కూడా వద్దు.

పరగడుపు షుగర్ 100లోపు మామూలు. 100 నుంచి 125 షుగర్ గుమ్మంలో ఉన్నట్టు. 126, ఆపైన రెండోసారి కూడా వస్తే షుగరే. హెచ్‌బీఏ1సీ 5.7లోపు మామూలు, 6.5 నుంచి షుగర్. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పుదోవ పట్టించవచ్చు. మన ఆడవాళ్లలో అది మామూలే కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూపించుకుని రెండూ కలిపి డాక్టర్‌కు చూపించండి.

లిపిడ్ రిపోర్టులో చాలామంది ‘టోటల్ కొలెస్ట్రాల్’ ఒక్కటే చూస్తారు. మా బావగారి పాత రిపోర్టు నా దగ్గరుంది. టోటల్ 196. రెండొందల లోపు కదా, పక్కన నక్షత్రం గుర్తు లేదు, హాయిగా మడిచి బీరువాలో పెట్టేశారు. కింది వరసల్లో ఏముందో చూడండి: హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్స్ 210. మన దేశస్థుల్లో ఎక్కువగా కనిపించే రకం ఇదే. మంచి కొలెస్ట్రాల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, టోటల్ మాత్రం అమాయకంగా ఉంటుంది.

అందుకే ఒక చిన్న తీసివేత చేయండి. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చేది నాన్-హెచ్‌డీఎల్. బావగారికి 196 లోంచి 36 పోతే 160. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 మార్గదర్శకాల ప్రకారం, ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా ఇది 130లోపు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 100లోపు ఉండాలి. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు హద్దులు ఇంకా తక్కువ, అవి మీ డాక్టర్ చెప్పాలి.

లైపోప్రొటీన్-ఎ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం) అనే పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. అది వంశంలో వచ్చేది, తిండితో పెద్దగా మారదు. తండ్రికో అన్నదమ్ములకో 55లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65లోపు గుండెపోటు వచ్చి ఉంటే తప్పక అడగండి. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు ఎక్కువ.

ఇక అందరూ పడే గుంట: “ఈసీజీ తీయించాను, నార్మల్.” ఈసీజీ ఆ క్షణంలో గుండె ఎలా ఉందో చెబుతుంది. రక్తనాళాల్లో పేరుకుంటున్న పూడికను చెప్పలేదు. అలాగే పొట్ట స్కానింగ్‌లో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని వస్తే “అందరికీ ఉంటుందిలే” అని వదిలేస్తారు. అందరికీ ఉండటమే కదా గొడవ. దాన్ని కూడా నోట్‌బుక్‌లో రాయండి.

6. అయిదు గీతల లెక్క

ఇప్పుడు కింది వాటిలో మీకు ఎన్ని వర్తిస్తాయో అన్ని గీతలు గీయండి:

- నడుము: మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెం.మీ. లేదా ఎక్కువ
- ట్రైగ్లిజరైడ్స్ 150 లేదా ఎక్కువ
- హెచ్‌డీఎల్: మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 కంటే తక్కువ
- బీపీ 130/85 లేదా ఎక్కువ (పై అంకె గానీ కింది అంకె గానీ)
- పరగడుపు షుగర్ 100 లేదా ఎక్కువ

వీటిలో దేనికైనా ఇప్పటికే మందు వాడుతుంటే ఆ గీత గీసేయండి. మందుతో అంకె బాగున్నా సరే.

మూడు గీతలు వస్తే దీన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఈ కాగితం తీసుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి, మందు కావాలో వద్దో ఆయన చెబుతారు. ఒకటో రెండో వస్తే కింది మెట్లు మొదలుపెట్టి మూడు నెలలకు మళ్లీ చూసుకోండి. గీతలతో పని లేకుండా, సిగరెట్, బీడీ, గుట్కా, జర్దా ఏది వాడుతున్నా ముందు అది మానడమే మొదటి పని. “రోజుకు రెండే” అనేది గుండెకు అర్థం కాదు.

7. వంటింటి లెక్క

డైట్ చార్టు ఇవ్వను. ఇస్తే ఫ్రిజ్ మీద అంటిస్తారు, అంతే. మూడు కొలతలు మాత్రం చెప్తాను.

*నూనె.* ఒకటో తారీఖున ఇంట్లో ఉన్న నూనె, నెయ్యి రాసుకోండి. నెలాఖరున ఎంత అయిపోయిందో చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు అయిదు లీటర్లయితే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్లు దాటుతోంది, బయట తిన్నది కాకుండానే. మనిషికి నెలకు అర లీటరు దగ్గరికి తేవాలి. ఒక్కసారే తగ్గిస్తే కూర గొంతు దిగదు, నెలకో పావు వంతు తగ్గించండి. పోపు గరిటెతో కాకుండా చెంచాతో వేయండి, సగం పని అక్కడే అవుతుంది. బజ్జీలు వేసిన నూనె మర్నాడు కూరల్లోకి దాచొద్దు. ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని చూసి మురిసిపోవద్దు. మొక్కల నూనెల్లో కొలెస్ట్రాల్ దాదాపు ఉండదు, నూనె మాత్రం అంతా కొవ్వే.

*అన్నం.* మన భోజనంలో చిక్కు ఎక్కడుందంటే, ప్రతి దానికీ అన్నం కలపాలి. పచ్చడికో ముద్ద, పప్పుకో వాయి, కూరకో వాయి, చారుకో వాయి, చివర పెరుగుకో వాయి. అయిదు వడ్డింపులు. “నేను తినేది కొంచెమే” అనేవాళ్లు ప్రతిసారీ కొంచెమే వడ్డించుకుంటారు, నిజమే, కానీ అయిదుసార్లు. ముందు పళ్లెంలో సగం కూర వేసుకుని అన్నం లేకుండా తినండి. తర్వాత పప్పుకు ఒకసారి, పెరుగుకు ఒకసారి, అంతటితో ఆపండి. చారు గ్లాసులో పోసుకుని తాగొచ్చు. ప్రతి పూటా గుడ్డో చేపో పప్పో శనగలో గట్టిగా ఉండాలి, లేకపోతే నాలుగింటికి ఆకలేసి సమోసా వైపు చూస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది కూడా ఇదే దారి: రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు.

కొర్రలు, రాగులు వాడొచ్చు. కానీ “మిల్లెట్సే కదా” అని రెండు పళ్లేలు తింటే సోనా మసూరి తిన్నదానికి పెద్ద తేడా ఏమీ ఉండదు.

*ఉప్పు.* మనిషికి రోజుకు అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే తలగొట్టిన ఒక టీ చెంచా. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఈ లెక్కలోనివే. ఒక భోజనంలో ఈ మూడిట్లో ఒక్కటే పెట్టుకోండి. తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా వాడొద్దు.

హెచ్చరిక: షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మందు మోతాదు మార్చాలేమో ముందే అడగండి.

8. నడక

వారానికి 150 నిమిషాలు. వేగం ఎంతంటే, మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. నిమిషానికి వంద అడుగులు లెక్క పెట్టుకోండి. పార్కులో నలుగురు కలిసి రియల్ ఎస్టేట్ మాట్లాడుకుంటూ నడిచేది, బయటికొచ్చి నెయ్యి కారం దోసెతో ముగిసేది ఈ లెక్కలోకి రాదు. టైమ్ లేనివాళ్లు రాత్రి భోజనమయ్యాక పావుగంట నడవండి, తిన్నాక పెరిగే షుగర్‌కు అది బాగా పనిచేస్తుంది.

వారంలో రెండు రోజులు కండకు పని చెప్పాలి. చేతులు వాడకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం. ఇవి మూడేసి విడతలు. ఇన్నాళ్లూ కదలనివాళ్లు, మూడు గీతలు వచ్చినవాళ్లు డాక్టర్‌ను కలవకుండా జిమ్‌లో బరువులు, పోటీ బ్యాడ్మింటన్ మొదలుపెట్టొద్దు.

9. మూడు నెలల తర్వాత సరి చూసుకోవడం

బరువు వారానికొకసారి, అదే రోజు, అదే వేళకు. నడుము నెలకొకసారి. మొదటి వారంలో కిలోన్నర తగ్గితే సంబరపడొద్దు, పోయింది ఎక్కువగా నీరే. టేపులో సెంటీమీటరు తేడా చేతి పొరపాటు కావచ్చు. రెండు సెంటీమీటర్లు తగ్గితే నిజంగా తగ్గినట్టు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల లోపు మళ్లీ చేయిస్తే డబ్బు దండగ. ఎర్రరక్తకణం ఆయుష్షే సుమారు 120 రోజులు, పాత కణాలు పోయి కొత్తవి రావాలి కదా.

గురి ఎంత పెట్టుకోవాలి? ఇప్పటి బరువులో 5 నుంచి 7 శాతం. 80 కిలోల మనిషికి నాలుగు నుంచి అయిదున్నర కిలోలు. అద్దంలో పెద్దగా తేడా కనిపించదు, ట్రైగ్లిజరైడ్స్‌లోనూ బీపీలోనూ కనిపిస్తుంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, షుగర్ గుమ్మంలో ఉన్నవాళ్లు తిండి, నడక మార్చుకుంటే షుగర్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. బరువు పెద్దగా తగ్గకపోయినా తగ్గింది.

అంకెలు కదలకపోతే ఈ వరసలో వెతకండి:

- శని, ఆదివారాల తిండి, తాగుడు. అయిదు రోజుల కష్టం రెండు బిర్యానీల్లో పోతుంది.
- టీలు. రోజుకు నాలుగు టీలు, రెండేసి చెంచాల పంచదార, పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు. చాలామంది దీన్ని తిండి కింద లెక్కేయరు.
- పళ్లరసం. పండు తినండి, రసం వద్దు.
- నిద్ర ఆరు గంటల లోపు, పెద్దగా గురక, పగలు కునుకుపాట్లు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కావచ్చు, బీపీ తగ్గకపోవడానికి అదీ ఒక కారణం.
- థైరాయిడ్, వాడుతున్న స్టెరాయిడ్ల లాంటి మందులు.

ఇవన్నీ సరిగానే ఉండి గీతలు తగ్గకపోతే మందులు వాడాలి. “ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలి” అన్న భయంతో స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర), బీపీ మాత్ర వాయిదా వేసేవాళ్లు చాలామంది. ఆ వాయిదాలోనే మా బావగారికి మూడేళ్లు గడిచాయి. 2025 నుంచి మన దేశంలో మౌంజారో లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. డాక్టర్ రాసి, చూస్తూ ఉంటేనే వాడాలి. ఫ్రెండ్ వాడుతున్నాడని ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవి కావు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికాలో మీ డాక్టర్ “బీఎంఐ 24, పర్‌ఫెక్ట్” అంటే, దక్షిణాసియా మూలాలున్నాయని మీరే గుర్తుచేయండి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాల వాళ్లకు 23 నుంచే షుగర్ పరీక్ష చేయమంటోంది. అక్కడి 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాన్ని ముప్పు పెంచే అంశంగా రాశారు. బ్రిటన్‌లో కూడా మనవాళ్లకు అధిక బరువు 23 నుంచి, ఊబకాయం 27.5 నుంచి లెక్క. నాన్నగారి గుండెపోటు సంగతి అడిగితేనే చెబుదామని ఆగకండి, ఏ వయసులో వచ్చిందో కూడా చెప్పండి.

ఇక నోట్‌బుక్‌లో దాచిన ఆ దారం. మూడు నెలల తర్వాత పొద్దున్నే, టిఫిన్‌కు ముందు, సగానికి మడిచి మళ్లీ చుట్టండి. మొదటిసారి కొసల మధ్య ఎన్ని వేళ్ల ఎడం ఉందో, ఇప్పుడెంత ఉందో తారీఖు వేసి రాసుకోండి. గాలి బిగబట్టకుండా.